పేజీ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది (మన అక్షరం – 6వ భాగం)



పోయిన భాగం చివర్లో "మన పిల్లలు డీటీపీ నేర్చుకోవాలి" అని రాశాను. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పెళ్లికార్డులు కొట్టుకునే పని కూడా ఉద్యమమేనా?" ఈ భాగం ఆ తమ్ముడికే.

ముందు నా అనుభవం చెప్తాను. ఒక ఏడాది ఏప్రిల్ 14కి నర్సీపట్నంలో కరపత్రం వేయించాం. పేటలో జరిగిన దాడి గురించి నేను చేత్తో రాసిచ్చిన వాక్యం ఇది: "బోరింగు కాడ మా ఆడోళ్లని కులం పేరెట్టి తిట్టి కొట్టారు." మర్నాడు చేతికొచ్చిన వెయ్యి కాపీల్లో ఉన్నది ఇది: "మంచినీటి విషయమై స్వల్ప వివాదం చోటుచేసుకుంది." కులం పోయింది. కొట్టినోళ్లు పోయారు. దెబ్బలు కూడా పోయాయి. అడిగితే ఆపరేటర్ నొచ్చుకున్నాడు. "భాష కాస్త బాగు చేశానండి, జాగా కూడా కలిసొచ్చింది" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. అతను నేర్చుకున్న 'మంచి తెలుగు'లో మన దెబ్బకి మాట లేదు, అంతే. తర్వాత అవతలివాళ్లు అదే కాగితం చూపించి "స్వల్ప వివాదమని మీరే రాశారు కదా" అన్నారు.

ప్రూఫ్ చూసుకోవాలి కదా అంటారు. రాత్రి పదింటికి, షట్టరు సగం దించాక, అతని భుజం మీదుగా హెడ్డింగు, ఫొటో చూసుకుని వచ్చేశాం. మౌస్ మన చేతిలో లేనప్పుడు ప్రూఫ్ చూడటమంటే అదే.

కాబట్టి తమ్ముడూ, పేజీ కూర్చేవాడు ఉత్త టైపిస్టు కాదు. ఏది పైన రావాలి, ఏది మూలకి పోవాలి, జాగా చాలకపోతే ఏ ముక్క కొయ్యాలి అని తేల్చేది అతనే. ఆ పనికి ఇంకో పేరు సంపాదకత్వం.

బాబాసాహెబ్‌కి ఇది మనకంటే ముందే తెలుసు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా 'కేసరి' దాని ప్రకటన వేయలేదు. ఆయన పత్రికలు నడపడంతో ఆగలేదు, ముంబైలో భారత్ భూషణ్ ప్రెస్ పెట్టుకున్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. ఇప్పుడు ఆ ప్రెస్ మొత్తం ఒక లాప్‌టాప్‌లో పడుతుంది. అయినా మనం షాపు ముందు బల్ల మీదే కూర్చుంటున్నాం.

పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ని అమెరికాలో ఆల్డస్ కంపెనీ విడుదల చేసింది 1985 జులైలో. మనకి ఆ నెల పేరు కారంచేడు. నలభై ఏళ్లు గడిచాయి. మన మీద జరిగిన దాడిని ఏ హెడ్డింగు కింద వేయాలో ఇప్పటికీ ఇంకొకరు తేలుస్తున్నారు.

అంత దూరం ఎందుకు, మన ఊరే చూడండి. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు, దళితుడు, మాస్కులు లేవని మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేని ఒంటితో, చేతులు వెనక్కి కట్టేసి ఉన్న ఆయన్ని దేశమంతా చూసింది. మే 22న హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. 2021 మే 21న ఆయన చనిపోయారు. అందరికీ గుర్తుండిపోయింది ఆ బొమ్మ. ఆయన అడిగిన మాస్కు ప్రశ్న ఎంతమందికి గుర్తుంది? ఆ నాలుగు తేదీలు ఒక డబ్బాలో వరసగా పెట్టి, మాస్కు ప్రశ్నని హెడ్డింగు చేసి, నాలుగు పేజీలు వేసి అబీద్ సెంటర్లో పంచి ఉండాల్సింది మనం. మనం చేసింది వాట్సాప్‌లో ఫార్వర్డ్.

ఇక పని. షాపుల్లో పేజ్‌మేకర్ ఇంకా కనిపిస్తుంది, కానీ దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాత పద్ధతి ఫాంట్లతో కొట్టిన తెలుగుని కాపీ చేసి ఫోన్‌లో వేస్తే ఇంగ్లిషు గుర్తుల గజిబిజి వస్తుంది, వెతికితే దొరకదు. మన పాత కరపత్రాలన్నీ అలా మూగబోయాయి. యూనికోడ్‌లో కొట్టండి. ఫోన్‌లో రాసిందే పేజీలోకి వస్తుంది. స్క్రైబస్ ఉచితం, దాని 1.6 వెర్షన్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోకపోతే ఒత్తులు విరిగిపోతాయి.

మొదటి వారం నాలుగే నేర్చుకోండి. మార్జిన్లు పెట్టడం. ఒక డబ్బాలో నిండిన మాటర్‌ని పక్క డబ్బాలోకి పారించడం. హెడ్డింగుకీ మాటర్‌కీ స్టైల్ కట్టడం. పీడీఎఫ్ తీయడం. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఇంగ్లిషుకి సరిపోయే వరస ఎడం చాలదు, పెంచండి. రంగు అంచుదాకా పోవాలంటే 3 మిల్లీమీటర్లు బయటికి వదలండి. 8 పేజీల పుస్తకానికి రెండు ఏ4 కాగితాలు మడిస్తే చాలు: ఒకే వైపు పడే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ 9 రావాలి. 8తో 1, 2తో 7, 6తో 3, 4తో 5.

"ఫోన్ కాలంలో కాగితం ఎవరు చదువుతారు?" అనే పెద్దలకి ఒక మాట. కలెక్టరు ఆఫీసులో మన ఫార్వర్డ్‌కి ఎవరూ రసీదివ్వరు, కాగితానికే ఇస్తారు. అదే పేజీ పీడీఎఫ్ అయితే ఫోన్‌లోకీ పోతుంది. "ఉపాధి కోర్సు" పేరుతో మన పిల్లలకి టైపింగు ఒక్కటే నేర్పి ఇంకొకరి మాటర్ కొట్టే కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లకి ఇంకో మాట. ఆ కూలి వద్దనను, అది అన్నం పెడుతుంది. అయితే కూలికి నేర్చిన చెయ్యే సాయంత్రం సొంత పేజీ కూడా కట్టాలి.

డిసెంబర్ 6కి ప్రతి హాస్టల్ నుంచి 8 పేజీలు రావాలి. వంకరగా ఉన్నా పరవాలేదు, అచ్చుతప్పులున్నా పరవాలేదు. "బోరింగు కాడ కొట్టారు" అన్న మాట మాత్రం బోరింగు కాడ కొట్టారు అనే ఉండాలి.

జై భీమ్.