మార్జాల కిశోరం

భగవంతునికీ భక్తునికీ గల సంబంధాన్ని వివరించడానికి వైష్ణవాచార్యులు రెండు న్యాయాలు చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరచుకొని ఉంటుంది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు. తల్లి నోట కరచుకొని ఎక్కడికి చేరిస్తే అక్కడికి చేరుతుంది. అది మార్జాల కిశోర న్యాయం. సంపూర్ణ శరణాగతికి ఇంతకన్న చక్కని ఉపమానం లేదు. అయితే ఇందులో ఒక ప్రశ్న కూడా దాగి ఉంది. ఆ తల్లే లేకపోతే కూన గతి ఏమిటి?

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు మూగజీవుల పోషణ కొత్త విషయం కాదు. పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. అంతరించిపోయే దశకు చేరిన ఆ జాతిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. కుప్పం ప్రాంతపు అడవులలో తిరిగే ఏనుగుల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆవు అరుదైనది; ఏనుగు ఘనమైనది. వాటి రక్షణకు ప్రభుత్వమూ శాస్త్రజ్ఞులూ ఉన్నారు. మదనపల్లె వీధిలో లారీ కింద పడి తల్లి పిల్లి చనిపోతే, ఏ అటక మీదనో కట్టెల మోపు వెనుకనో మిగిలిన నాలుగు కూనలకు ఎవరున్నారు? అవి అరుదైనవి కావు, ఘనమైనవీ కావు. మనిషి దయకు అసలైన పరీక్ష అక్కడే.

దయ ఉన్నంత మాత్రాన చాలదు, తెలివిడి కూడా కావాలి. ఒంటరిగా కనిపించిన ప్రతి కూనా అనాథ కాదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని లోకోక్తి. ఒకదానిని మార్చి, మరొకదాని కోసం తిరిగి రావడానికి దానికి కొంత వ్యవధి పడుతుంది. ఆహారం కోసం వెళ్ళినా గంటల తరబడి రాకపోవచ్చు. కూనలు వెచ్చగా, నెమ్మదిగా నిద్రిస్తూ ఉంటే దూరం నుండి కనిపెట్టి చూడడమే ఉత్తమం. తొందరపడి ఎత్తుకొనిపోయేవారు తల్లి ఉన్న బిడ్డను అనాథను చేస్తారు. ఒళ్ళు చల్లబడి, ఆగకుండా అరుస్తూ ఉంటే, లేదా తల్లి మరణించిందని తెలిస్తే, అప్పుడు జాగు చేయరాదు.

అప్పుడే పుట్టిన కూన సుమారు 100 గ్రాములు తూగుతుంది. కళ్ళు తెరవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. దాదాపు మూడు వారాల వరకు తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. అందుచేత మొదట అందించవలసినది పాలు కాదు, వెచ్చదనం. చల్లబడిన కూనకు పట్టిన పాలు జీర్ణం కావు. వేడినీటి సీసాను మందపు గుడ్డలో చుట్టి పక్కన ఉంచాలి. పుంగనూరు ఆవుపాలు ఎంత చిక్కనివైనా దానికి పనికిరావు. అందులోని చక్కెర సరిగా అరగక విరేచనాలై, ఒంటిలోని నీరు తగ్గి కూన ప్రాణం పోవచ్చు. పశువైద్యుని సలహాతో, పిల్లికూనలకై తయారుచేసిన పాలపొడినే వాడాలి. వెల్లకిల పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. బోర్లా ఉంచి పట్టాలి. తొలి వారంలో రాత్రింబవళ్ళు రెండు మూడు గంటలకొకసారి ఈ పని తప్పదు. పాలు పట్టిన ప్రతిసారీ తడిపిన గోరువెచ్చని దూదితో తుడిస్తేనే కూన మలమూత్రాలను విసర్జిస్తుంది. తల్లి నాలుకతో చేసే పని అది. రోజుకు సుమారు 10 గ్రాముల బరువు పెరుగుతూ ఉంటే పోషణ సరిగా సాగుతున్నట్లు లెక్క.

వందలాది జంతువులను సాకే సంరక్షణాలయంలో ఇంతటి సేవ సాధ్యం కాదు. పైగా రోగపీడిత జంతువుల నడుమ పసికూనలకు అంటువ్యాధుల ముప్పు అధికం. అందుకే అటువంటి సంస్థలు కూనలను కొన్ని వారాలపాటు గృహస్థులకు అప్పగిస్తాయి. సంరక్షణాలయం లేని చిన్న పట్టణంలో ఇల్లే సంరక్షణాలయం కావాలి. మదనపల్లెకు ఈ మాట సులభంగానే అర్థమవుతుంది. క్షయకు మందు లేని రోజులలో ఆరోగ్యవరం ఆసుపత్రి రోగులకు ఇవ్వగలిగినది మంచి గాలి, విశ్రాంతి, ఆహారం, పరిచర్య మాత్రమే. పరిచర్యే చికిత్స అయిన సందర్భాలు లోకంలో ఉన్నాయి.

మనుషుల బిడ్డలకే దిక్కులేని లోకంలో పిల్లికూనల కోసం నిద్ర మానుకోవాలా అని కొందరు ఆక్షేపిస్తారు. ఒకచోట ఖర్చు చేస్తే మరొకచోట తరిగిపోవడానికి దయ పెట్టెలోని సొమ్ము కాదు. మదనపల్లెలో 1915లో కళాశాలను స్థాపించిన అనీబిసెంట్‌ను గురువుగా భావించిన రుక్మిణీదేవి అరండేల్ ఒకవైపు నాట్యకళకు జీవితాన్ని అర్పిస్తూనే, మరొకవైపు మూగజీవుల పక్షాన రాజ్యసభలో వాదించింది. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ప్రాణుల పట్ల కరుణ పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

అయినా తీరిక లేనివారు ఈ భారాన్ని తలకెత్తుకోకపోవడం తప్పు కాదు. సాయంత్రం ముచ్చటపడి తెచ్చి, తెల్లవారగానే విసుగుతో వదలిపెట్టడమే తప్పు. ఒక్కరికి కష్టమైన పనిని నలుగురు మిత్రులు వంతులవారీగా పంచుకోవచ్చు. ఎంత శ్రద్ధ చూపినా కొన్ని కూనలు దక్కవు. అందుకు తమను తాము నిందించుకోవలసిన పనిలేదు. దక్కినవాటికి నాలుగవ వారం నుండి మెత్తని ఆహారం అలవాటు చేసి, ఎనిమిది వారాలు నిండాక టీకాలు వేయించి, నమ్మకమైన ఇంటికి అప్పగించాలి. ఈడు వచ్చాక సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే, రేపు మరికొన్ని కూనలు వీధిపాలు కాకుండా ఉంటాయి.

మార్జాల కిశోర న్యాయంలో తల్లి స్థానం భగవంతునిది. ఆ స్థానం ఖాళీ అయినప్పుడు కొన్ని రాత్రులపాటు మేలుకొని అక్కడ నిలబడే భాగ్యం మనిషికి దొరుకుతుంది. నాలుగు వారాల తరువాత ఆ కూన తన కాళ్ళపై తాను నడిచిపోతుంది. దానికి ఈ చేతులు గుర్తుండకపోవచ్చు. అయినా చేసిన సేవ వృథా పోదు.