కాన్పుకొచ్చిన పిల్లకు కేసు భయం



15–19 ఏళ్ల ఆడపిల్లల కాన్పులు ప్రపంచమంతటా తగ్గుతున్నాయి. 2000లో ప్రతి వెయ్యిమందికీ 64 దాకా ఉన్నవి 2023 నాటికి 41కి వచ్చాయి. మన దేశంలోనూ తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం లెక్క ఎదురు నడిచింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో ఈ వయసు పిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భిణులు కలిపి 11.8 శాతం, 2019–21 నాటి ఐదో విడతలో 12.6. దేశ సగటు 6.8. తెలంగాణలో ఆ మాత్రం కూడా లేదు.

ఈ అంకెలు బయటికొచ్చినప్పుడల్లా చట్టం ఇంకా బిగించాలంటారు. బిగింపుకేం కొదవ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండని పిల్ల గర్భవతి అని తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పాల్సిందే, లేకుంటే ఆరు నెలల దాకా జైలు. భార్యే అయినా 18 నిండకపోతే అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ పదిహేడేళ్ల కోడలికి నెల తప్పితే అత్తగారికి ముందు గుర్తొచ్చేది ఐరన్ మాత్రలు కావు, కొడుకు మీద పడబోయే కేసు. మూడో నెలలోపు జరగాల్సిన నమోదు ఆరో నెలకు పోతుంది. లేదంటే ఆధార్ ఇంట్లో మరిచామని చెప్పి వయసు పంతొమ్మిది రాయిస్తారు. (రాసేవాళ్లకీ తెలుసు. ఏఎన్ఎం కూడా ఆ ఊళ్లోనే తిరగాలి కదా!) చిన్నవయసు తల్లులకు గుర్రపువాతం ముప్పు ఎక్కువ. అసలు వయసు కార్డులో లేకపోతే డాక్టరు ఏం చూసి జాగ్రత్తపడాలి?

పెళ్లికాని పిల్లల అవస్థ మరీ ఘోరం. గర్భం తీయించుకోవాలన్నా సంరక్షకుల సంతకం కావాలి. ఇంట్లో చెప్పలేనివాళ్లకు మందుల షాపే దిక్కు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చింది. ఇష్టపూర్వక సంబంధంలో గర్భం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కర్లేదంది. అయితే ఆ రక్షణ గర్భస్రావం వరకే. బిడ్డను కంటానన్న పిల్లకు అది లేదు.

గుట్టుగా చూస్తే అఘాయిత్యాలు దాగిపోవా అని అడుగుతారు. అడగాల్సిన మాటే. పద్నాలుగేళ్ల పిల్ల వచ్చినా, బలవంతం జరిగిందన్న అనుమానం వచ్చినా ఫిర్యాదు వెళ్లాల్సిందే. కానీ పిల్ల ఆసుపత్రి మెట్లే ఎక్కకపోతే ఆ అఘాయిత్యం ఎవరి కంటపడుతుంది?

ఇంగ్లండ్‌లో 16 నిండని పిల్లకైనా, విషయం అర్థం చేసుకోగలదని తోస్తే డాక్టరు తల్లిదండ్రులకు చెప్పకుండా గర్భనిరోధక సలహా ఇవ్వొచ్చని 1985లోనే అక్కడి అత్యున్నత న్యాయపీఠం తీర్పు చెప్పింది. 1999లో బడి పాఠాలనూ, చిన్నవాళ్ల క్లినిక్కులనూ కలిపి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లలో 18లోపు గర్భాల రేటు సగానికిపైగా పడిపోయింది.

2023లో మన లా కమిషన్ అంగీకార వయసు తగ్గించొద్దంటూనే, 16–18 మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు విచక్షణ ఇవ్వాలంది. ఆ విచక్షణలో కొంత డాక్టరుకూ ఇస్తే ఏం పోయింది? అది పార్లమెంటు చేయాల్సిన పని, ఆలస్యమవుతుంది. ఈలోగా 2022 తీర్పును ఒక పేజీ తెలుగు సర్క్యులరుగా ప్రతి పీహెచ్‌సీకీ పంపడానికి రాష్ట్ర ఆరోగ్యశాఖ ఎవరినీ అడగనక్కర్లేదు.

— విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, ప్రకాశం జిల్లా