దగ్గు దాస్తే ధీమా పోతుంది

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు రాయి కోసిన మనిషి జీవిత బీమా తీసుకుంటున్నాడనుకోండి. ఇంటికొచ్చిన ఏజెంటు ప్రపోజల్ ఫారం తీస్తాడు. ‘దగ్గు, ఆయాసం ఉన్నాయా?’ అన్న ప్రశ్న దగ్గర ఆయన తటపటాయిస్తే, ‘ఎందుకులే అన్నా, లేదని రాసేద్దాం. ఉందంటే ఆఫీసులో సవాలక్ష అడుగుతారు’ అంటాడు ఏజెంటు. సంతకం అయిపోతుంది. ఆ ఒక్క ‘లేదు’ కోసం రేపు ఆయన భార్య ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

ప్రపోజల్ అంటే మనం కంపెనీ ముందు పెట్టే ప్రతిపాదన. మనిషికున్న ముప్పెంతో లెక్కగట్టి, పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియానికి ఇవ్వాలి అని తేల్చడాన్నే అండర్‌రైటింగ్ అంటారు. వయసు, ఎత్తు, బరువు, బీపీ, ఇంట్లోవాళ్ల జబ్బులు, చేసే పని, ఆదాయం... అన్నీ చూస్తారు. వయసు, పాలసీ మొత్తం పెరిగేకొద్దీ రక్తం, మూత్రం, ఈసీజీ లాంటి పరీక్షలూ పెరుగుతాయి.

మన పశ్చిమ ప్రకాశంలో రెండు సంగతులు మరీ ముఖ్యం. ఒకటి, పలకల దుమ్ము. అందులోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. పని మానేసినా అది నయం కాదు. అందుకే ఫారంలో ‘కూలి’ అని రాస్తే చాలదు, ‘పలకల పని’ అనే రాయించండి. రెండోది, ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతంలో తరచూ వినే కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ ఎక్కువుందని డాక్టరు ఎప్పుడైనా చెప్పి ఉంటే దాచొద్దు.

నిజం చెబితే పాలసీ ఇవ్వరన్నది అపోహ. మామూలు ప్రీమియానికే ఇవ్వొచ్చు, కొంత అదనంగా అడగొచ్చు, కొన్నాళ్లు ఆగమనొచ్చు. జబ్బు ముదిరితే కాదనొచ్చు కూడా. అబద్ధం మీద ఏళ్ల తరబడి డబ్బు కట్టడం కన్నా అదే నయం.

డబ్బు కట్టేస్తే అయిపోయినట్టేనా?

కాదు. దీని మీద మన రాష్ట్రం నుంచే ఓ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజా వాసిరెడ్డి చంద్రధర ప్రసాద్ 1960 డిసెంబరు 27న 50,000 రూపాయల పాలసీకి ప్రపోజల్ ఇచ్చారు. డాక్టరు పరీక్షా అయింది. ప్రీమియం కింద ఇచ్చిన రెండు చెక్కుల్లో రెండోది మూడుసార్లు తిరిగొచ్చి, చివరికి 1961 జనవరి 11న చెల్లింది. మర్నాడే ఆయన చనిపోయారు. హైకోర్టు కుటుంబం వైపు తీర్పిచ్చినా, 1984లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రీమియం పుచ్చుకున్నంత మాత్రాన ఒప్పందం కుదిరినట్టు కాదు, ప్రతిపాదనను ఆమోదించి ఆ సంగతి తెలియజేయాలి అంది. కాబట్టి ఆమోదం కబురు వచ్చేదాకా వాకబు చేస్తూనే ఉండండి.

ఆ మూడేళ్లు

బీమా చట్టం 45వ సెక్షన్‌ను 2015లో సవరించారు. దాని ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆలోపు మాత్రం మోసం జరిగిందనో, ముఖ్యమైన విషయం దాచారనో క్లెయిము తిరస్కరించవచ్చు. ‘ఏజెంటు నింపాడు, నేను చదవకుండా సంతకం పెట్టా’నంటే చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మెలిక ఉంది. వానల్లేని ఏడు గిద్దలూరు రైతు ప్రీమియం కట్టలేక పాలసీ లాప్సయిందనుకోండి. తర్వాత పునరుద్ధరించుకుంటే మూడేళ్ల లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలు. అప్పుడిచ్చే ఆరోగ్య ప్రకటనలోనూ నిజమే ఉండాలి.

సంతకానికి ముందు ఫారం మొత్తం తెలుగులో చదివించుకోండి. పక్కన ఇంటావిడనూ కూర్చోబెట్టుకోండి. జిరాక్సు దాచుకోండి. పాలసీ చేతికొచ్చాక ఏదైనా తేడా కనిపిస్తే 30 రోజుల్లో వెనక్కిచ్చే హక్కుంది. క్లెయిము కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడా న్యాయం జరగకపోతే 50 లక్షల దాకా వివాదాలను హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ పైసా ఖర్చు లేకుండా విచారిస్తారు.

‘మూడేళ్లు ఎలాగో గడిస్తే చాలు’ అని దాచిపెట్టేవాళ్లకు ఒకటే మాట. ఆ మూడేళ్లు మన చేతిలో ఉన్నాయన్న నమ్మకమే ఉంటే, అసలు బీమా ఎందుకు?