తీర్పును చూపలేని యంత్రాన్ని నమ్మేదెలా?

కక్షిదారు న్యాయవాదిని నమ్ముతాడు. న్యాయవాది ఇప్పుడు కృత్రిమ మేధను నమ్ముతున్నాడు. ఆ యంత్రం దేని ఆధారంగా జవాబిచ్చిందో అడిగేవారే కరువయ్యారు. ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది చివరికి కక్షిదారే.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమాన సంస్థపై ప్రయాణికుడు వేసిన దావా విచారణకు వచ్చింది. అతని న్యాయవాదులు చాట్‌జీపీటీ అందించిన పూర్వ తీర్పులను ఉటంకించారు. వాటిలో ఆరు అసలు లేనే లేవు. ఇవి నిజమైనవేనా అని అడిగితే, నిజమైనవేనని ఆ యంత్రమే హామీ ఇచ్చింది! కోర్టు 5,000 డాలర్ల జరిమానా విధించింది.

న్యాయవాదుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన సాధనాలకు ఈ బెడద లేదని కంపెనీలు చెప్పుకున్నాయి. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పేరున్న అలాంటి సాధనాలనే పరీక్షించారు. ఆరు ప్రశ్నల్లో కనీసం ఒకదానికి తప్పుడు జవాబో, ఆధారం లేని జవాబో వచ్చింది.

లేని తీర్పును ఎవరైనా వెతికితే గుట్టు బయటపడుతుంది. కాలం చెల్లిన తీర్పు అలా కాదు, వెతికితే దొరుకుతుంది. అందుకే అది మరింత ప్రమాదకరం. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంపై 1967 నాటి అజీజ్ బాషా తీర్పును సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న 4:3 మెజారిటీతో తోసిపుచ్చింది. ఆ సంగతి చెప్పకుండా పాత తీర్పును మాత్రమే అందించే సాధనం మైనారిటీ విద్యాసంస్థల హక్కును ఏం కాపాడుతుంది?

భరణం విషయమూ అంతే. 1986 చట్టం ఉన్నందున క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ తనకు వర్తించదని తెలంగాణకు చెందిన ఒక మాజీ భర్త వాదించగా, సుప్రీంకోర్టు 2024 జూలై 10న ఆ వాదనను తిరస్కరించింది. ఆ తీర్పుపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ అమలులో ఉన్న చట్టం అదే. పైగా 2024 జూలై 1 నుంచి 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. యంత్రం ఇవేవీ చెప్పకపోతే, విడాకులు పొందిన పేద మహిళ కోర్టు మెట్లు ఎక్కకముందే ఓడిపోతుంది.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. సాధనం చెప్పే ప్రతి మాటకూ మూల తీర్పులోని పేరాను చూపాలి. ఆ తీర్పు నేడు చెల్లుతుందో లేదో తెలపాలి. ఆధారం దొరకనప్పుడు దొరకలేదని ఒప్పుకోవాలి. కక్షిదారు రహస్యాలను కంపెనీ తన అవసరాలకు వాడుకోకూడదు. తెలుగు, ఉర్దూ పత్రాలపై దాని పనితీరును స్వతంత్ర నిపుణులు పరీక్షించి, ఫలితాలు ప్రకటించాలి.

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయవ్యవస్థకు కృత్రిమ మేధ వాడకంపై విధానం ప్రకటించింది. తీర్పు చెప్పే పనికి దాన్ని వాడరాదని నిషేధించింది. న్యాయమూర్తులకే అంత కట్టడి అవసరమైనప్పుడు న్యాయవాదులకు, వారికి ఈ సాధనాలు అమ్మే కంపెనీలకు ఏ కట్టడీ అక్కర్లేదా? బార్ కౌన్సిళ్లు, న్యాయసేవా సంస్థలు జవాబు చెప్పాలి.

వారు కదిలేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. వక్ఫ్ భూమి కేసైనా, భరణం కేసైనా, మీ వకీలును వినయంగానే ఒక ప్రశ్న అడగండి: "ఈ తీర్పు పూర్తి ప్రతిని మీరు స్వయంగా చదివారా?" అలా అడగడం అమర్యాద కాదు, మన హక్కు.