అమ్మ వృత్తి గృహిణేనా?

చలికాలంలో మా జనగామ పల్లెల్లో అమ్మ నాలుగింటికే లేస్తుంది. కొట్టంలో పెండ తీసి, దుడ్డె మీద గోనెసంచి కప్పి, బర్రెకు వరిగడ్డి వేసి పాలు పిండుతుంది. పొద్దెక్కాక పత్తి ఏరబోతుంది. పొద్దుగూకితే మళ్లీ కొట్టమే. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం నాన్న పేరు మీద ఉంటుంది.

స్కాలర్‌షిప్ దరఖాస్తులో తల్లి వృత్తి దగ్గర నేనూ ఏళ్లపాటు 'గృహిణి' అనే రాశాను. 2007 నాటి జాతీయ రైతు విధానం భూమి ఉన్నవారితో పాటు కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను, పశువులు పెంచేవారిని కూడా రైతులనే అన్నది. చదువుకున్న మనమే ఇంకా ఆ మాట అనడం లేదు.

మిత్రులారా! సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే పెండతట్ట ఎత్తడానికి సిగ్గుపడకండి. ఈసారి దరఖాస్తులో 'రైతు' అని రాయండి. పాలు అమ్మి మన బస్సు చార్జీలు పంపింది ఆ చేతులే.