చేపలు ఎక్కడున్నాయో చెప్పే మ్యాప్.. నెల్లూరు తీరానికి ఎందుకంత ముఖ్యం?

మైపాడు అయినా, జువ్వలదిన్నె అయినా.. మర బోటు వేసుకెళ్లే జాలరికి డీజిలే పెద్ద ఖర్చు. వల ఎక్కడ వేయాలో తెలియక తిరిగితే ఆ డబ్బు నీళ్లపాలే.

దీనికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఓ దారి చూపిస్తోంది. శాటిలైట్లు సముద్రం పైనీటి వేడిని, రంగును కొలుస్తాయి. సూక్ష్మ నాచు ఎక్కడ ఎక్కువుందో రంగును బట్టి తెలుస్తుంది. నాచు ఉన్నచోటికి చిన్న జీవులు, వాటి కోసం చేపలు వస్తాయి. ఈ అంకెలతోనే సైంటిస్టులు మ్యాప్ తయారుచేస్తారు. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం, ఎంత లోతు.. అన్నీ తెలుగులోనే చెప్తారు.

సముద్రాన్ని గమనించే ఈవోఎస్-06 శాటిలైట్ 2022 నవంబర్ 26న ఎగిరింది కూడా మన పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచే.

మరి డబ్బు సంగతి? 2024 జనవరిలో కేంద్రం 'పృథ్వీ' పథకానికి ఓకే చెప్పింది. 2021-26 కాలానికి రూ.4,797 కోట్లు. సముద్రం, వాతావరణం, ధ్రువాలు, భూకంపాలు.. అన్ని పరిశోధనలకూ కలిపి ఇదే మొత్తం.

రాకెట్ ఎగిరితే అందరం చూస్తాం. మ్యాప్ వెనకున్న పని మాత్రం ఎవరికీ కనిపించదు. పైగా మబ్బులు కమ్మితే ఈ శాటిలైట్లకు సముద్రం కనపడదు, మ్యాప్ ఇవ్వడం కష్టమవుతుంది. సరిగ్గా వానల రోజుల్లోనే ఈ ఇబ్బంది. దాన్ని దాటాలంటే ఇంకా పరిశోధన కావాలి, దానికి నిధులూ కావాలి.

అంకెలు జాలరికి అర్థమయ్యే బొమ్మగా మారకపోతే, శాటిలైట్‌పై పెట్టిన ఖర్చు ఒడ్డుకు చేరనట్టే. అందుకే 2026 తర్వాతి నిధుల్లో ఈ ఆఖరి మెట్టుకు ఎంత ఇస్తారన్నదే అసలు ప్రశ్న.