రెండు భాషలు – ఒక మెదడు

ప్రవేశముల కాలము వచ్చినదనిన మా తెలుగు శాఖకును, ఉర్దూ శాఖ మిత్రులకును ఏటేట ఒకే ప్రశ్న ఎదురగుచుండును. "ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు. పిల్లవాని మెదడు ఇన్ని బరువులు మోయగలదా? ఒకటి తీసివేయరాదా?" అని తల్లిదండ్రులు అడుగుదురు. ఇట్లు అడుగువారిలో చదువు లేనివారే కాదు, పట్టభద్రులును ఉన్నారు. తీసివేయవలసినది ఇంగ్లీషు అని మాత్రము ఇంతవరకు ఒక్కరును చెప్పియుండలేదు. కొందరు తెలుగును తీసివేయుమందురు, కొందరు ఉర్దూను. ఇబ్రహీంపట్నము, కొండపల్లి ప్రాంతములలో దాదీతో ఉర్దూలో ధారాళముగ మాటలాడుచు, ఆమె దాచుకొన్న ఉత్తరములోని ఒక్క పంక్తియైనను చదువలేని పిల్లలు ఇప్పటికే తయారైనారు. తెలుగు దినపత్రికను తడుముకొనకుండ చదువలేని డిగ్రీ విద్యార్థులకును కొదువ లేదు.

ఈ ప్రశ్నకు మూలమైన ఊహయే తప్పని మా అభిప్రాయము. ఒక బస్తా ఎక్కించినచో మరొక బస్తాకు చోటు చాలదనుటకు మెదడు ఎడ్లబండి కాదు. ఈ మాటను భాషాభిమానము కొలది చెప్పుట లేదు. నాడీకణముల స్వభావమును బట్టి చెప్పుచున్నాము. తెలుగు బోధించువారికి నాడీకణములతో పనియేమని జంతుశాస్త్ర శాఖవారు నవ్వవచ్చును. ఇన్ని సంవత్సరములుగా వారు ఈ సంచికకు వ్రాయకపోవుట వలననే మేము వ్రాయవలసివచ్చినదని సవినయముగ మనవి.

నాడీకణమనగా న్యూరాన్, ఉర్దూలో అసబీ ఖలియా. నడుమ కణదేహము, దాని చుట్టును చెట్టుకొమ్మల వలె విస్తరించిన డెండ్రైట్లు, ఒక ప్రక్కనుండి పొడుగుగ సాగిన ఆక్సాన్ అను తంతువు. డెండ్రైట్లు వార్తను గ్రహించును, ఆక్సాన్ దానిని ముందునకు అందించును. వెన్నుపాము నుండి పాదము వరకు సాగు ఆక్సాన్ సుమారు ఒక మీటరు పొడవుండును. దాని కణదేహమును చూచుటకు మాత్రము సూక్ష్మదర్శిని కావలెను. మనిషి మెదడులో ఇట్టి కణములు సుమారు 8,600 కోట్లు కలవని 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చినారు. అంతకు పూర్వము పుస్తకములు పదివేల కోట్లని వ్రాయుచుండెడివి.

ఈ కణములన్నియు ఒకదానికొకటి అతుకుకొని ఒకే వలగా నున్నవని 19వ శతాబ్దిలో పెక్కుమంది నమ్మినారు. ఇటలీ దేశస్థుడు కమిల్లో గోల్గీ వెండి లవణముతో కణములకు రంగు పట్టించు పద్ధతిని 1873లో ప్రకటించినాడు. ఆ పద్ధతినే చేపట్టి స్పెయిన్ దేశస్థుడు రమోన్ ఇ కహాల్, ప్రతి నాడీకణము దేనికది విడిగా నున్నదని వాదించినాడు. 1906లో ఇద్దరికిని కలిపి నోబెల్ బహుమతి నిచ్చినారు. గోల్గీ తన బహుమతి ఉపన్యాసములోనే కహాల్ సిద్ధాంతమును ఖండించినాడు. మన సాహిత్య సభలలోని కలహములు వీటి ముందు ఏపాటివి? తుదకు నిలిచినది కహాల్ మాటయే. కణమునకును కణమునకును నడుమ మిల్లీమీటరులో యాబదివేలవ వంతు సందు కలదు. కణములు కలియు ఈ చోటికి 1897లో షెరింగ్టన్ సినాప్స్ అని పేరు పెట్టినాడు. తెలుగు పాఠ్యపుస్తకములలో ఇది నాడీకణ సంధి. భాషలను గూర్చి మేము చెప్పదలచినదంతయు ఈ సంధి దగ్గరనే ఉన్నది.

నాడిలో పరుగెత్తు విద్యుత్తును మన ఊరి థర్మల్ కేంద్రము నుండి తీగల వెంట పోవు విద్యుత్తు వంటిదని ఊహించుకొనరాదు. ఇక్కడ పనిచేయునది ఉప్పునీరు. కణపు పొరకు లోపల పొటాషియము, వెలుపల సోడియము హెచ్చుగా నుండును. విశ్రాంతిగా నున్నపుడు లోపలి భాగము వెలుపలి కంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. టార్చిలైటు బ్యాటరీలో ఇది ఇరువదవ వంతుకైనను చాలదు. వార్త తగిలినపుడు పొరలోని ద్వారములు తెరచుకొని సోడియము లోనికి దూకును. వెంటనే పొటాషియము వెలుపలికి వచ్చును. ఆ అలజడికి ప్రక్కనున్న ద్వారములు తెరచుకొనును. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ అను సముద్రజీవి యొక్క లావైన ఆక్సాన్‌పై దీనిని లెక్కలతో సహా నిరూపించినారు. మయెలిన్ అను కొవ్వు తొడుగు గల లావైన తంతువులలో వార్త సెకనుకు నూరు మీటర్ల వరకు పోవును. తొడుగులేని సన్నని తంతువులలో ఒక మీటరు పోయిన గొప్ప. సంధి చేరినంతనే సాధారణముగ విద్యుత్తు పని ముగియును. అక్కడ సందును దాటునది రసాయనము. 1921లో ఓటో లోవీ ఒక కప్పగుండె యొక్క నరమును ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ కప్పగుండెపై పోసినాడు. నరమును తాకకుండగనే రెండవ గుండెయు నెమ్మదించినది.

లోనికి వచ్చిన సోడియమును మరల వెలుపలికి తోడివేయుటకు శక్తి కావలెను. శరీరపు బరువులో రెండు శాతమున్న మెదడు, శరీరము వినియోగించు శక్తిలో ఇరువది శాతము వరకు తానే తినివేయును. ఆ శక్తిని మోయు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కండరముల నుండి వేరుచేసినవారిలో, 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేసినారు. అదే సమయమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. దానికిని మన విషయమునకును సంబంధము కలదు. గర్భస్థ శిశువులో మెదడు, వెన్నుపాము మొదట ఒక నాళముగా నేర్పడును. గర్భము నిలిచిన నాలుగు వారములలో ఆ నాళము మూసికొనవలెను. అప్పటికి తాము గర్భవతులమన్న సంగతియే చాలమంది స్త్రీలకు తెలియదు. ఫోలిక్ ఆమ్లమును ముందునుండియే తీసికొన్నచో నాళము మూసికొనకపోవు లోపములు చాలవరకు తగ్గునని 1991లో ఒక బ్రిటిషు పరిశోధన తేల్చినది. చదువు ముగియకముందే పెండ్లియగు విద్యార్థినులు మన కళాశాలలో ఉన్నారు కావున ఈ మాట ఇక్కడ చెప్పక తప్పలేదు. లేడీ డాక్టరును అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

ఆ నాళపు గోడలోనే నాడీకణములు పుట్టి, పోషక కణముల పోగులను పట్టుకొని ప్రాకుచు తమ తమ పొరలకు చేరును. ఆక్సాన్ కొన రసాయనముల జాడను బట్టి దారి వెదకికొనుచు, తాను కలియవలసిన కణము వరకు పెరుగును. కణములలో అత్యధిక భాగము పుట్టుకకు ముందే ఏర్పడును. సంధులు మాత్రము పుట్టిన పిదప విపరీతముగ పెరుగును. పసితనమున సంధుల సంఖ్య పెద్దవారి మెదడులో కంటె ఎంతో ఎక్కువయని 1979లో పీటర్ హటన్‌లోకర్ సూక్ష్మదర్శినితో లెక్కించి చూపినాడు. తరువాత పనిలో లేనివి క్రమముగ తొలగిపోవును, పనిలో నున్నవి బలపడును. డెల్టా రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. నీరు పారు పిల్లకాలువ నిలుచును. రెండు సంవత్సరములు నీరు వదలకపోయిన కాలువలో తుమ్మలు మొలచును. నుదుటి వెనుక భాగమున ఈ కూడికలు, తీసివేతలు ఇరువది యేండ్లు దాటిన పిదప గూడ సాగును. కావున డిగ్రీ మూడవ సంవత్సరపు విద్యార్థిని మొద్దు అని ముద్రవేయు అధ్యాపకుడు, ఇంకను కట్టుచున్న ఇంటికి వంక పెట్టుచున్నాడన్నమాట.

భాష విషయములో ఇది ఎట్లు జరుగునో 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు పరీక్షించినారు. పరీక్షకు వారు ఎన్నుకొన్న ధ్వనులలో హిందీలోని త, ట అనునవి ఉన్నవి. ఆరు, ఎనిమిది నెలల ప్రాయమున ఇంగ్లీషు ఇండ్ల శిశువులు గూడ ఆ రెండింటి భేదమును గుర్తించినారు. ఏడాది నిండు నాటికి వారిలో ఆ శక్తి చాలవరకు సన్నగిల్లినది. వారి ఇండ్లలో ఆ భేదముతో పని లేదు గదా. మన ఇండ్లలోని శిశువు మాట వేరు. ఇంటిలో ఖే, గైన్, జే వినుచు, అరుగు మీద ళ, ణ వినుచు పెరుగును. రెండింటికిని పని ఉన్నది కావున రెండు కాలువలలోను నీరు పారును. (మన దక్కనీ పలుకుబడిలో ఖాఫ్ ఎప్పుడో ఖే అయిపోయినది. లక్నో వారు వెక్కిరించినచో వెక్కిరింతురు గాక.)

రెండు భాషల బిడ్డకు మాటలు తక్కువ వచ్చునను ఆక్షేపణ యున్నది. ఒక్కొక్క భాషలో విడిగా లెక్కించినచో తక్కువగ కనబడుట నిజమే. రెండు భాషల మాటలను కలిపి లెక్కించినచో సాధారణముగ ఆ కొరత కనబడదు. తక్కెడలో ఒక పళ్ళెము మాత్రము చూచి తూకము తక్కువయనుట న్యాయము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సాక్ష్యము మన హైదరాబాదులోనే దొరికినది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా అను మతి నశించు వ్యాధి గల 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించినారు. వారిలో 391 మంది ఒకటి కంటె ఎక్కువ భాషలు మాటలాడువారు. ఏకభాషీయులకు వ్యాధి లక్షణములు సగటున 61 ఏండ్లకు కనబడగా, వీరికి 65 దాటిన పిదప కనబడినవి. భేదము నాలుగున్నర సంవత్సరములు. ఇది చదువు ఫలమేమోయని సందేహించువారికి కూడ ఆ పరిశోధనలో సమాధానమున్నది: అక్షరజ్ఞానము లేనివారిలోను ఈ భేదము కనబడినది. పాశ్చాత్య దేశములలో రెండు భాషలవారు తరచుగ వలస వచ్చినవారగుట వలన, ఫలితము వలసదా భాషదా అని తేల్చుట కష్టము. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. అక్కడ కూరగాయల బండివాడు కూడ తెలుగు, ఉర్దూ రెండును మాటలాడును. 2016లో అదే సంస్థవారు పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి వ్రాసినారు: వ్యాధి పిదప తెలివి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో 40.5 శాతము, ఏకభాషీయులలో 19.6 శాతము.

భాష వ్యాధిని రానీయదని దీని అర్థము కాదు. కణములు చచ్చుచునే యుండును. ఒక దారి మూసికొనినపుడు వార్తను మరొక దారిన పంపు నేర్పు ఆ మెదడునకు అలవడియుండునని పండితుల ఊహ. రెండు భాషలవాడు ఒకటి మాటలాడునపుడు రెండవది నిద్రపోదు. దానిని క్షణక్షణము అదుపులో నుంచవలెను. ఆ సాధనయే నిల్వ శక్తిగా మిగులునని వారందురు. అన్ని దేశముల పరిశోధనలును ఈ ఫలితమును సమర్థింపలేదనియు, ఇంకను వాదములు జరుగుచున్నవనియు చెప్పుట న్యాయము. మెదడునకు మేలు జరుగునో లేదో వాదించుకొనవచ్చును. కాని రెండు భాషలు భారమై దానిని చెరచునను వాదమునకు మాత్రము ఇందులో ఎక్కడను ఆధారము లేదు.

ఒక చిక్కు ప్రశ్నను దాటవేయము. రెండింటిని మించి ఎన్ని భాషలు వచ్చినను అదనపు లాభము కనబడలేదని హైదరాబాదు పరిశోధకులే చెప్పినారు. అట్లయినచో ఉర్దూ, ఇంగ్లీషు చాలును గదా, తెలుగెందుకని అడుగవచ్చును. ఏ భాషను నిలుపుకొనవలెనో నాడీకణము చెప్పదు. దానిని మన బ్రతుకు చెప్పవలెను. దాదీ మాట ఏ భాషలో నున్నదో, తహశీలుదారు కార్యాలయములో అర్జీ ఏ భాషలో వ్రాయవలెనో మనకు తెలియనిది కాదు. పైగా మన విద్యార్థులకు ఇంగ్లీషు పరీక్ష కాగితము మీది భాష. ఆ పరిశోధనలోని రోగులు నిత్యము నోట మాటలాడిన భాషల వంటిది కాదు. గైడు చూచి కంఠస్థము చేసి, మార్చి నెల దాటగనే మరచు భాష ఏ సంధిని బలపరచును? ఆ లెక్కన గైడు తెలుగును, గైడు ఉర్దూను కూడ అంతే.

కమిటీ పెద్దలకు మా మనవులు రెండు. ద్వితీయ భాషగా ఉర్దూ తీసికొన్నవారికి వారమునకొక గంట తెలుగు పఠనమును, తెలుగు తీసికొన్నవారికి ఒక గంట ఉర్దూ పఠనమును ఏర్పాటు చేయవలెను. దీనికి మార్కులు వద్దు, పరీక్ష వద్దు. రెండవది ఈ సంచికను గూర్చి. ఇందులో ఉర్దూ భాగము కుడినుండియు, తెలుగు భాగము ఎడమనుండియు మొదలై నడుమ ఒక తెల్లకాగితము దగ్గర ఆగిపోవుచున్నవి. ఆ చోట ఎనిమిది పుటలు చేర్చి, ఆ యేటి ఉర్దూ రచనలకు విద్యార్థులు చేసిన తెలుగు అనువాదములను, తెలుగు రచనలకు చేసిన ఉర్దూ అనువాదములను ఎదురెదురుగ అచ్చువేయవలెను. ఆ ఎనిమిది పుటలకు అగు ఖర్చును ప్రెస్సు వారిని అడిగి, వివరములను కమిటీకి వేరుగ సమర్పించుచున్నాము.